లెక్క అడిగేవాళ్ళే లేరా?

1991లో ఏబీసీ టీవీ వాళ్ళు అమెరికా అంతటికీ ఒక దృశ్యం చూపించారు. టల్సాలో ఒక బ్యాంకు వెనక చెత్త డబ్బాలు. వాటిల్లో ఉత్తరాలు. మా కోసం ప్రార్థన చెయ్యండయ్యా అని డాలస్ ప్రాంతపు టీవీ పాస్టర్ రాబర్ట్ టిల్టన్‌కు జనం రాసుకున్నవి. కవర్లు చింపారు, లోపలున్న డబ్బు తీసుకున్నారు, ఉత్తరాలు చెత్తలో పారేశారు. ఎవరి జబ్బు, ఎవరి అప్పు, ఎవరి కాపురం గోడు ఆ కాగితాల మీద ఉందో పట్టించుకున్న నాథుడు లేడని ఆ కార్యక్రమం చెప్పింది. టిల్టన్ కాదన్నాడు. ఆ ఉత్తరాల మీద పడుకుని మరీ ప్రార్థించానని, సిరాలోని రసాయనాలు నెత్తుట్లోకి ఎక్కి తనకు స్ట్రోక్ కూడా వచ్చిందని టీవీలోనే చెప్పుకున్నాడు. ఆయన మీద సివిల్ దావాలు పడ్డాయి. జైలు మాత్రం ఆయన దరిదాపులకు రాలేదు.

అంత చూశాక కూడా అమెరికా చట్టంలో ఏం మారింది? ఏమీ మారలేదు. నా కడుపుమంట అదే.

అమెరికాలో ఏ ధర్మసంస్థ అయినా పన్ను మినహాయింపు పొందితే ఏటా ఆదాయపు పన్ను శాఖ ఐఆర్ఎస్‌కు ఫారం 990 వెయ్యాలి. ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది, పై పదవుల్లో ఉన్నవాళ్ళ జీతమెంత, అన్నీ అందులో ఉంటాయి. ఎవరైనా తీసి చూడొచ్చు. ఊళ్ళో ఫుడ్ బ్యాంకు నడిపేవాళ్ళూ వెయ్యాల్సిందే, మన తెలుగు సంఘాలూ వెయ్యాల్సిందే. చర్చి అనిపించుకుంటే మాత్రం అక్కర్లేదు. కోటి డాలర్లు వచ్చినా, పది కోట్లు వచ్చినా పైసా లెక్క ఎవరికీ చూపనక్కర్లేదు. కానుక ఇచ్చిన వాళ్ళకు కూడా!

అనుమానం వచ్చి ఐఆర్ఎస్ తనంతట తాను తనిఖీకి వెళ్దామన్నా 1984 నాటి చట్టం గుమ్మంలోనే ఆపుతుంది. ముందుగా ట్రెజరీలో పై స్థాయి అధికారి ఒకరు సంతకం పెట్టాలి. ఆ పై స్థాయి అంటే ఎవరన్న దగ్గర 2009లో మిన్నెసోటా ఫెడరల్ కోర్టులో ఐఆర్ఎస్ ఓడిపోయింది. సంతకం చేసిన అధికారికి ఆ హోదా చాలదన్నారు. సరే, చాలిన హోదా ఎవరిదో తేల్చి పని మొదలుపెట్టాలి కదా? ఏళ్ళు గడిచినా ఆ ముడి విప్పలేదు, చర్చిల తనిఖీలు దాదాపు మూలనపడ్డాయి. తీరిగ్గా కూర్చున్నారు. అంత పెద్ద శాఖ ఒక సంతకం దగ్గర ఆగిపోయిందంటే నమ్మమంటారా?

సెనేటర్ చక్ గ్రాస్లీ మాత్రం 2007 నవంబరులో కదిలాడు. ఆరు పెద్ద టీవీ మినిస్ట్రీలకు ఉత్తరాలు రాశాడు. విమానాలెన్ని, ఇళ్ళెన్ని, జీతాలెంత అని అడిగాడు. జాయిస్ మేయర్, బెన్నీ హిన్ సంస్థలు వివరాలిచ్చాయి. మిగతా నాలుగూ సగం సగం చెప్పి, లేదా అసలు చెప్పక ఊరుకున్నాయి. ఆయన సభ్యుడైన సెనేట్ ఫైనాన్స్ కమిటీకి సమన్లు జారీ చేసే అధికారం ఉంది. చెయ్యలేదు. ఆ మినిస్ట్రీల్లో పనిచేసి మానేసినవాళ్ళు నోరు విప్పడానికి భయపడ్డారని, గోప్యత ఒప్పందాలు చూపించి దావా వేస్తారని వాళ్ళ భయమని కమిటీ సిబ్బందే రాశారు. భయపడుతున్నారని తెలిసీ వదిలేశారు! 2011 జనవరిలో ఫైలు మూసేశారు. ఎవరి మీదా చర్య లేదు. పైగా ఏం చెయ్యాలో మీరే సలహా చెప్పండని మత సంస్థల సొంత లెక్కల మండలినే అడిగారు. చర్చిల మీద ఫారం 990 రుద్దవద్దని ఆ మండలి వేసిన కమిషన్ సెలవిచ్చింది. ఇంకేం చెబుతుంది?

తర్వాతేమైంది? 2015లో క్రెఫ్లో డాలర్ అనే పాస్టర్ 6.5 కోట్ల డాలర్ల జెట్ కావాలని, రెండు లక్షల మంది తలా 300 డాలర్లో అంతకు పైనో ఇవ్వండని అడిగాడు. 2018లో జెస్సీ డుప్లాంటిస్ అనే ఇంకో టీవీ పాస్టర్ 5.4 కోట్ల డాలర్ల ఫాల్కన్ జెట్ కోసం చెయ్యి చాచాడు. ఏసు ఈ కాలంలో ఉంటే గాడిదనెక్కడని ఆయన వాదన.

నేనుండేది డాలస్ పక్కన. ఏప్రిల్ వస్తే ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్ తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే గోల. అప్రైజల్ నోటీసు వచ్చిందా, ఎంత పెంచారు, ప్రొటెస్ట్ వేశారా. టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు కాబట్టి ఇంటి పన్ను ముక్కుపిండి వసూలు చేస్తారు. లోను వాయిదా, దాని మీద ఈ పన్ను, పిల్లల ఖర్చులు, ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియని వీసా బతుకులు. అయినా జనవరి 31లోపు కడతాం. బడులు నడిచేది చాలావరకు దానితోనే కనుక కట్టాలి కూడా. ఇక్కడికి దగ్గర్లోనే, టారంట్ కౌంటీలో ఈగిల్ మౌంటెన్ చెరువు ఒడ్డున టీవీ పాస్టర్ కెనెత్ కోప్లండ్ ఉండే 18,000 చదరపు అడుగుల భవనం ఉంది. 2021లో దాని విలువ 70 లక్షల డాలర్లు. అది పాస్టర్ నివాసం లెక్కలో పడుతుంది. అందుకని పన్ను సున్నా. మినహాయింపు లేకపోతే ఏటా లక్షన్నర డాలర్ల దాకా కట్టాల్సి వచ్చేదని హ్యూస్టన్ క్రానికల్ 2021లో రాసింది. తప్పు చేశాడని ఎవరూ అనలేరు, చట్టం అలాగే ఉంది. ఆ చట్టాన్ని అలా ఉంచినవాళ్ళ మీద నా కోపం.

మతానికి పన్ను వెయ్యమని నేననడం లేదు. యాభై మంది కూడి ఇరుగుపొరుగుకు అన్నం పెట్టే చర్చి జోలికి ఎవరూ పోనక్కర్లేదు. పన్ను మాఫీ వేరు, లెక్క మాఫీ వేరు. తిరుమల హుండీకి నిన్న ఎంత వచ్చిందో ఇవాళ పేపర్లో చదివే జనం మనం. హుండీ డబ్బు లెక్కపెట్టే పరకామణిలో దొంగతనం జరిగితే కేసు, కోర్టు, ఊరంతా రచ్చ. జరగాల్సిందే కదా, అది భక్తుడి డబ్బు. మరి పింఛను డబ్బులోంచి నెలనెలా చెక్కు రాసే ఇక్కడి ముసలమ్మది డబ్బు కాదా? ఆమెకు అంతమాత్రం హక్కు లేదా?

ఈ మినహాయింపు చర్చిలకే కాదు, గుళ్ళకూ మసీదులకూ ఉంది. మన గుళ్ళే మొదలుపెట్టొచ్చు. చట్టం అడగకపోయినా ఫారం 990 వేసి, గుడి నోటీసు బోర్డు మీద పెట్టొచ్చు. ఈ మాట కమిటీల వాళ్ళ దగ్గర అంటే, మనకెందుకండీ, దేవుడి సొమ్ము తిన్నవాణ్ణి దేవుడే చూసుకుంటాడు అంటారు. మోసపోయినవాళ్ళకు ఆ జవాబు చాలుతుందా?

ఇప్పుడు కొత్త దారి కూడా దొరికింది. చర్చి కాని సంస్థలు తమను చర్చిగా గుర్తించమని అడుగుతున్నాయి, ఐఆర్ఎస్ సరేనంటోంది. వాషింగ్టన్ రాజకీయాల్లో మునిగితేలే ఫ్యామిలీ రీసెర్చ్ కౌన్సిల్‌కు 2020లో ఆ హోదా దక్కింది. 2022లో ప్రోపబ్లికా అనే వార్తాసంస్థ బయటపెట్టాక 40 మంది కాంగ్రెస్ సభ్యులు దర్యాప్తు చెయ్యమని ఐఆర్ఎస్‌కు, ట్రెజరీకి లేఖ రాశారు. ఉత్తరాలు రాసింది చాలు. సమన్లు పంపండి. ఫారం 990 లోంచి చర్చికిచ్చిన మినహాయింపు తీసెయ్యండి. పెద్ద ఆదాయం ఉన్నవాళ్ళతోనైనా మొదలుపెట్టండి. పాత ఉద్యోగుల నోరు నొక్కే ఒప్పందాలు సెనేట్ ముందు చెల్లవని రాయండి, భయపడి ఇంట్లో కూర్చున్నవాళ్ళు అప్పుడు వచ్చి చెబుతారు.