దూరప్రయాణమునకు చిన్నబండి

కోతలు కోసి, ధాన్యమమ్మి, నాలుగు రూకలు చేతబడిన పిమ్మట కాశికిగాని రామేశ్వరమునకుగాని పోయివచ్చుట మన పెద్దల యలవాటు. రైలు వచ్చిన తరువాత ఆ ప్రయాణము సుళువైనది. విమానము వచ్చిన తరువాత మరింత సుళువైనది. ఇప్పుడు మన గృహస్థులకు వేరొక కోరిక పుట్టినది. తమ బండిలో, తమకు తోచినచోట నిలుచుచు, ఆలుబిడ్డలతో హిమవత్పర్వతముల వరకు నేలమీదనే పోయి రావలెనని వారు తలపోయుచున్నారు. ఇది మిక్కిలి మెచ్చదగిన కోరిక. ఆదిలాబాదు దాటిన వెంటనే నేల రంగు ఎట్లు మారునో, నర్మదకు ఆవలివైపున మాట యెట్లు మారునో, పంజాబు రైతు తన చేనిగట్టున ఏమి చెట్లు పెంచునో, విమానపు కిటికీలోనుండి చూచువానికి తెలియదు. మేము శంకించునది కోరికను కాదు. అట్టి ప్రయాణమునకు మొట్టమొదట కావలసినది పెద్దబండి యని నానాట ప్రబలుచున్న నమ్మకమును శంకించుచున్నాము.

గోదావరి డెల్టాలో పదియెకరముల మాగాణి గల మా మిత్రులొకరు గడచిన సంక్రాంతికి మా యింటికి వచ్చి, లడాకు వెళ్లదలచితిననియు, అందులకై నాలుగు చక్రములకును శక్తినిచ్చు పెద్దబండి నొకదానిని కొనుటకు బయానా యిచ్చుటకు సిద్ధముగా నుంటిననియు చెప్పిరి. తమవద్ద నున్నది కొద్దిపాటి సొమ్ము. తక్కిన పండ్రెండు లక్షలు అప్పు. “నూటికి పది వడ్డీయే కదా, అయిదేండ్లలో తీరిపోవును” అని షోరూములోని యువకుడు చెప్పెనట. మేము కాగితము తీసి లెక్కవేసితిమి. 12 లక్షలకు నూటికి 10 చొప్పున అయిదేండ్ల వాయిదాలన్నచో నెలకు ఇంచుమించు 25,500 రూపాయలు. అరువది నెలలకు 15,30,000. అనగా వడ్డీయే 3,30,000. ప్రయాణము ఇరువది దినములు. వాయిదాలు పదునెనిమిది వందల దినములు. ఒక పంట తుపానుపాలైన యేట ఆ వాయిదా ఎవరు కట్టుదురు? పదియెకరములలో ఏ మూల ఎకరము దీనికి బలియగునో ఆయనకును తెలియును, మాకును తెలియును. ఆయన చాలసేపు మాటలాడలేదు.

అప్పు మాట అటుంచి, ఆ బండి చేయబోవు పనిని చూతము. హైదరాబాదు నుండి ఢిల్లీ సుమారు 1,580 కిలోమీటర్లు. అది శ్రీనగరమునుండి కన్యాకుమారికి పోవు 44వ జాతీయ రహదారి. మన ఆదిలాబాదు, నిర్మల, కర్నూలు, అనంతపురముల మీదుగా పోవునదియు నదియే. ఆ దారిని దినదినమును లారీలును, పల్లెటూరి పెండ్లిబృందముల కార్లును పోవుచున్నవి. అచ్చటనుండి మనాలి వరకు నున్నదియు మంచి రోడ్డే. రోహతాంగు కనుమ క్రిందుగా 2020 అక్టోబరులో తెరవబడిన తొమ్మిది కిలోమీటర్ల అటల్ సొరంగముతో ఒక పెద్ద గండము తప్పినది. మనాలినుండి లేహ్ వరకు నున్న నాలుగువందల పై చిలుకు కిలోమీటర్లలో కొన్నిచోట్ల రాళ్లును, మంచు కరగి రోడ్డుమీదుగా పారు వాగులును ఉండును. అవియే పరీక్షాస్థలములు. తిరిగి శ్రీనగరము మీదుగా వచ్చినచో, ప్రక్కదారులతో కలిపి ఏడువేల కిలోమీటర్ల ప్రయాణమగును. ఇందులో నాలుగు చక్రముల శక్తి నిజముగా కావలసిన దూరము ఎంత? తగిన కాలమున, కాలిబాటలవైపు పోక, రోడ్డుననుసరించి పోవువానికి నూటికొకటి కూడ నుండదు. ఆ యొక్క పాలుకై తక్కిన తొంబదితొమ్మిది పాళ్లును అదనపు బరువును మోసికొని తిరుగుట లాభమా? లీటరుకు 18 కిలోమీటర్లు పోవు చిన్నబండికి ఈ ప్రయాణమున 390 లీటర్లు చాలును. 10 మాత్రమే పోవుదానికి 700 కావలెను. లీటరు నూరు రూపాయలుగా లెక్కగట్టినను ముప్పదివేలు తేడా. ఒక కుటుంబము పదిదినములు బసచేయుటకు ఆ సొమ్ము చాలును.

చిన్నబండి దూరము పోజాలదనువారికి ఫ్రాన్సుదేశపు కథ యొకటి చెప్పవలసియున్నది. సిట్రోయెన్ సంస్థ యధికారి పియెర్ బూలాంజె అను నతడు రైతులకొరకు ఒక బండిని తయారుచేయుడని తన యింజనీర్లను ఆజ్ఞాపించెను. నలుగురు మనుష్యులను, 50 కిలోల ఉర్లగడ్డలను మోయవలెను. దున్నిన చేనిమీదుగా పోయినను బుట్టలోని గ్రుడ్లు పగులరాదు. ఆ బండి 1948లో పారిస్ ప్రదర్శనమున వెలువడినది. ఇంజను 375 సి.సి.; శక్తి తొమ్మిది గుఱ్ఱములు. పత్రికలవారు నవ్విరి. 1958లో ఝాక్ సెగెలా, ఝాన్ క్లోద్ బోదో అను నిద్దరు యువకులు ఆ జాతిబండిలోనే బయలుదేరి, మరుసటి సంవత్సరము సుమారు లక్ష కిలోమీటర్లు తిరిగి, భూప్రదక్షిణము ముగించుకొని యింటికి వచ్చిరి. 1970లో పారిస్ నుండి కాబూలునకును, 1971లో పెర్సిపోలిసునకును వందలకొలది యిట్టి బండ్లు గుంపులుగా పోయివచ్చినవి. వాని బలమంతయు తేలికదనములో నున్నది. తేలికబండి బురదలో దిగినను నలుగురు దిగి త్రోసిన పైకి వచ్చును. రెండు టన్నుల బండి దిగినచో ట్రాక్టరును వెదకవలెను.

మా యనుభవమును ఒకటి మనవిచేయుచున్నాము. కొన్ని యేండ్లక్రిందట ఒక పాత చిన్నబండిలో ఉత్తరదేశమునుండి వచ్చుచుండగా, సివనీ దాటి నాగపురము చేరకమునుపే క్లచ్ కేబులు పుటుక్కున తెగిపోయినది. సాయంకాలము; చుట్టును అడవి. దారినిపోవు ట్రాక్టరువాడు మమ్ములను నాలుగుమైళ్లు లాగుకొనిపోయి ఒక రేకులపాక ముందర విడిచెను. అందులోని కుఱ్ఱవాడు బండిని చూచి, మా మాట వినకయే లోపలికి పోయి, మేకుకు వ్రేలాడుచున్న కేబుళ్లలో నొకదానిని తీసికొనివచ్చెను. గంటలోపల మేము మరల రోడ్డుమీద నుంటిమి. ఆ కుఱ్ఱవాని నేర్పు గొప్పదే. కాని ఆ మేకుకు మా బండి కేబులు వ్రేలాడుటకు కారణము వేరు. ఆ జాతిబండ్లు ఆ చుట్టుప్రక్కల ఊరూర నున్నవి. అదేచోట, అదేవేళ, పట్టణమునందు తప్ప ఎచ్చటను కంప్యూటరు తగిలించి చూచువారు లేని ఖరీదైనబండి ఆగియున్నచో, రాత్రి అచ్చటనే గడపి, మరునాడు లారీమీద నాగపురమునకు ఎక్కింపవలసివచ్చెడిది.

కావున బండిని ఎన్నుకొనువాడు షోరూములోని కాగితములు చూచుటకు ముందు తాను పోవు దారిలోని పాకలను తలచుకొనవలెను. 1983 డిసెంబరులో మొదలై 2014 జనవరిలో తయారీ నిలిచిపోయిన మారుతీ 800 ఈ దేశమున ఇంత పేరుపొందుటకు దాని వేగము కారణము కాదు; దానిని విప్పి బిగింపనేర్చినవాడు ప్రతి మండలకేంద్రమున నుండుటయే కారణము. నేడు ఆ స్థానమున ఆల్టో, వ్యాగన్ ఆర్ మొదలగునవి యున్నవి. వీనిలో ఎక్కువ అమ్ముడుపోయినదానిని కొనుట దూరప్రయాణికునకు మేలు. ఇరుగుపొరుగువారికి లేని బండి మనకుండవలెనను కోరిక పెండ్లి ఊరేగింపునకు తగినది, లడాకు ప్రయాణమునకు తగదు.

కొండలయెత్తును గూర్చి రెండుమాటలు. గాలి పలుచబడినకొలది ఇంజను నీరసించును. వేయి మీటర్లకు నూటికి పదివంతుల శక్తి తగ్గునని స్థూలముగా చెప్పవచ్చును. 5,359 మీటర్ల ఖార్దుంగ్ లా కనుమపై మామూలు పెట్రోలు ఇంజను సగము బలముతో పనిచేయును. (ఆ కనుమమీది పలక చిరకాలము 18,380 అడుగులని ప్రకటించుచుండెను, కొలిచిచూచినవారు 17,582 అడుగులే యన్నారు. పలకలను నమ్మి ప్రయాణము చేయరాదనుటకు ఇదియొక నిదర్శనము.) టర్బో యింజను ఇచ్చట కొంత మేలు. లేనివారు మొదటిగేరున మెల్లగా పోవలెను, అంతే. టాంకి సంగతి మాత్రము ఉపేక్షింపరాదు. తాండీలోని పెట్రోలు బంకు వద్ద, తరువాతి బంకు 365 కిలోమీటర్ల దూరమున నున్నదని వ్రాసిన పలక ప్రయాణికులందరికిని సుపరిచితము. 2009లో వచ్చిన టాటా నానోకు 15 లీటర్ల టాంకియే యుండెను. కొండదారిలో లీటరుకు ఇరువది పోయెననుకొన్నను 300 కిలోమీటర్లకు అది ఖాళీ. 35 లీటర్ల టాంకి గల చిన్నబండికి ఆ చింత లేదు.

ఇంతవరకు చిన్నబండిని పొగడితిమి. ఇక దాని దోషమును చెప్పకున్న మేము పాఠకులకు ద్రోహము చేసినవారమగుదుము. 2022వ సంవత్సరమున ఈ దేశపు రోడ్లపై 1,68,491 మంది మరణించిరని ప్రభుత్వ లెక్కలే చెప్పుచున్నవి. 2014 జనవరిలో గ్లోబల్ ఎన్‌క్యాప్ అను సంస్థ మన దేశమున అమ్ముడగుచున్న అయిదు చిన్నకార్లను గోడకు ఢీకొట్టించి పరీక్షించెను. ఆల్టో 800, నానో, ఐ10, ఫిగో, పోలో: గాలిసంచులు లేని ఆ బండ్లలో ఒక్కదానికిని ఒక్క నక్షత్రమైనను రాలేదు. అందు నాలుగు రూపాయలు మిగిల్చుకొని ప్రాణము పోగొట్టుకొనుటను పొదుపు అనరాదు. 2019 ఏప్రిలు నుండి కొత్త కార్లన్నిటికి ఏ.బి.ఎస్., అనగా చక్రములు బిగిసి జారకుండ బ్రేకును పట్టివదలు సాధనము, తప్పనిసరియైనది. 2022 జనవరి నుండి ముందు రెండు సీట్లకును గాలిసంచులు తప్పనిసరియైనవి. కావున పాతబండి కొనువారు 2022 తరువాత తయారైనదానిని కొనుట మంచిది. దానికి ముందరిదానిలో ఈ రెండును ఉన్నవో లేవో స్వయముగా చూచుకొనవలెను. 2023 అక్టోబరునుండి మన దేశమునందే భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలు జరుగుచున్నవి. కొనదలచిన బండికి ఎన్ని నక్షత్రములో అడిగి తెలిసికొనవలెను. చిన్నబండ్లలోనే తేడాలు మిక్కుటము.

అయితే పెద్దబండియే రక్షయని తలచువారికి ఒక సంఘటన జ్ఞాపకము చేయుచున్నాము. 2022 సెప్టెంబరు 4వ తేదీన పాల్ఘర్ వద్ద సైరస్ మిస్త్రీగారు ప్రయాణించుచున్న ఖరీదైన జర్మనుకారు వంతెనగోడను ఢీకొనినది. ముందరిసీట్లలోని యిద్దరు గాయములతో బయటపడిరి. వెనుక కూర్చున్న యిద్దరును మరణించిరి. వెనుకవారు పట్టీ కట్టుకొనలేదని పోలీసులు తెలిపిరి. మన యిండ్లలో వెనుకసీటు పట్టీలు సీటుక్రింద దుమ్ములో పడియుండును. పిల్లలు ఒడిలోనుందురు. ఇది మానవలెను.

బరువు విషయమున మనవారి యుదారత హద్దుమీరుచున్నది. నలుగురికై చేసిన బండిలో ఆర్గురు, పైన ఇనుప క్యారియరు, దానిపై పరుపులు, గ్యాసుపొయ్యి, బియ్యపుమూట. 160 మిల్లీమీటర్ల యెత్తున నుండవలసిన బండిపొట్ట అంతబరువుతో మరింత దిగును. రాయి తగిలినది బండిదోషమా? నెత్తిమీద బరువు పెట్టిన బండి మలుపులో తూలును, పెట్రోలు నెక్కువ త్రాగును. ముగ్గురు పెద్దలకు మించి ఎక్కరాదని మా యభిప్రాయము. కొందరు యువకులు పాత ఓమ్ని వ్యానులను కొని, సీట్లు పీకి, మంచములు బిగించి, గోడలు కోసి కిటికీలు పెట్టుచున్నారు. ఉత్సాహము మెచ్చవలసినదే, కాని రిజిస్ట్రేషను పత్రములోని వివరములకు భిన్నముగా బండిని మార్చుట 1988 నాటి మోటారు వాహనముల చట్టములోని 52వ సెక్షనుకు విరుద్ధము. ప్రమాదము జరిగిననాడు ఇన్సూరెన్సు వారు మొదట వెదకునది దీనినే.

పాతబండి కొనువారికి మరియొక హెచ్చరిక. పదియేండ్లు దాటిన డీజిలు బండ్లును, పదునైదేండ్లు దాటిన పెట్రోలు బండ్లును ఢిల్లీప్రాంతమున తిరుగరాదని 2015లో హరిత న్యాయస్థానమును, 2018లో సర్వోన్నత న్యాయస్థానమును శాసించినవి. ఆ శాసనమున తరువాత సడలింపులు వచ్చినవి గనుక, బయలుదేరుటకు ముందు విచారించుకొనవలెను. ఇల్లు విడిచి 1,500 కిలోమీటర్లు పోయిన తరువాత తెలిసికొనుట కష్టము.

మా మిత్రులు బయానా యీయలేదు. మూడేండ్ల క్రిందట తయారైన, రెండు గాలిసంచులు గల చిన్నబండి నొకదానిని, ఒకే యజమాని నడపినదానిని, మూడున్నర లక్షలకు అప్పులేకుండ కొనిరి. కొత్త టైర్లు నాలుగు, స్టెప్నీ ఒకటి, బ్యాటరీ వేయించిరి. ఆ దారికి అనువైన కాలము జూనునుండి సెప్టెంబరు వరకును. సరిగా అప్పుడే నారుమళ్లును నాట్లును. అందువలన నాట్లు ముగించి, మొదటి కలుపు తీయించి, భాద్రపదములో బయలుదేరుటకు నిశ్చయించుకొన్నారు. ఆయన భార్యగారు మాత్రము రెండు పెద్ద జాడీల ఆవకాయ తప్పక తీసికొనిపోవలెననుచున్నారు. క్యారియరు వద్దని చెప్పిన మమ్ములనే, జాడీలు ఎచ్చట పెట్టవలెనో చెప్పుమని ఆమె కబురంపిరి. ప్రత్యుత్తరము ఇంకను వ్రాయలేదు.