ఆ వచనం ఎవరి పక్షం?

2025 ఏప్రిల్ 1న పంజాబ్‌లోని మొహాలీ కోర్టు పాస్టర్ బజిందర్ సింగ్‌కు యావజ్జీవ కారాగార శిక్ష విధించింది. 2018లో ఒక మహిళ పెట్టిన అత్యాచారం కేసు అది. తీర్పు రావడానికి ఏడేళ్లు పట్టింది. ఈ మధ్యకాలంలో ఆయన కూటాలకు జనం వస్తూనే ఉన్నారు. స్వస్థత సాక్ష్యాలు ఆగలేదు, కానుకలూ ఆగలేదు.

పంజాబ్ మనకు దూరమేలే అనుకుందామా? మద్రాసులో పుట్టి లోకమంతా పేరు తెచ్చుకున్న రవి జకరయాస్ ప్రసంగాలు విని విశ్వాసంలో నిలబడ్డ తెలుగు యువకులు ఎందరో ఉన్నారు. ఆయన 2020 మేలో మరణించారు. ఆయన స్థాపించిన సంస్థే న్యాయవాదులతో విచారణ చేయించి 2021 ఫిబ్రవరిలో నివేదిక బయటపెట్టింది. పలువురు మహిళల పట్ల ఆయన లైంగిక దుష్ప్రవర్తన అందులో రుజువైంది. ఆ నివేదికలో ఒక మహిళ చెప్పిన సంగతి మమ్మల్ని చాలాకాలం వెంటాడింది. నువ్వు నోరు విప్పితే లక్షలాది ఆత్మలు రక్షణ పోగొట్టుకుంటాయి, ఆ బాధ్యత నీదే అని ఆయన ఆమెను హెచ్చరించారట. దెబ్బ తిన్న మనిషి నెత్తిమీదే లోకరక్షణ భారం పెట్టారన్నమాట! ఇంగ్లండులో జాన్ స్మిత్ అనే న్యాయవాది క్రైస్తవ శిబిరాలకు వచ్చిన అబ్బాయిలను పవిత్రత పేరు చెప్పి నెత్తురు కారేలా కొట్టాడు. ఆ వ్యవహారంలో తగిన చర్య తీసుకోలేదన్న విమర్శ మీద 2024 నవంబరులో కాంటర్‌బరీ ఆర్చిబిషప్ జస్టిన్ వెల్బీ రాజీనామా ప్రకటించారు.

నేరానికి శిక్ష సంగతి కోర్టులు చూస్తాయి. కానీ వాక్యంతోనే గాయపడ్డ మనిషి మళ్లీ ఆ వాక్యాన్ని తెరిచేదెలా? ఈ ప్రశ్న ఏ కోర్టుకూ వెళ్లదు. అది మన సంఘాల ముందున్న ప్రశ్న.

నెల్లూరు జిల్లా పడమటి వైపు, అనంతసాగరం మండలంలో ఒక సహోదరి మాకు తెలుసు. పేరూ ఊరూ చెప్పం. భర్త పోయిన పదిరోజులకు జరిగిన ఆదరణ కూటంలో, దశమభాగం ఎగ్గొట్టినందుకే ఆ ఇంటికి ఈ శాపం వచ్చిందని సేవకుడు చెప్పాడు. ఆమె బర్రెను అమ్మి ఆ డబ్బు ఇచ్చింది. ఏడాది తర్వాత మందిరం షెడ్డు లెక్కలు అడిగింది. అభిషిక్తుల జోలికి వస్తే ఏమవుతుందో తెలుసా అన్నారు. ఆ వారం నుంచి తోటి విశ్వాసులు కూడా పలకరించడం మానేశారు. ఆమె బైబిలును గుడ్డలో చుట్టి ట్రంకుపెట్టెలో పెట్టేసింది. రెండేళ్లు తియ్యలేదు. "ఏ పేజీ తిప్పినా ఆయన గొంతే వినపడతా ఉండాది అయ్యగారూ" అని మాతో అంది.

ఇలాంటివారిని చూసినప్పుడు మనం అనే మాటలు ఏమిటి? క్షమించమ్మా. మనుషుల్ని చూడొద్దు, దేవుణ్ణి చూడు. ఇల్లు మారినట్టు సంఘం మారిపో. చెడ్డ ఉద్దేశంతో అనం, నిజమే. కానీ ఆమెకు దేవుణ్ణి చూపించిందే ఆ మనిషి. ఆ ముఖాన్ని పక్కకు జరపకుండా దేవుణ్ణి చూడమంటే ఎక్కడ చూస్తుంది? కాబట్టి ఏ వచనాలతో కొట్టారో ఆ వచనాలనే ముందు వెనకలతో సహా మళ్లీ చదవాలని మాకు అనిపిస్తుంది. చదివిన ప్రతిసారీ ఆశ్చర్యపోయాం.

అభిషిక్తులను ముట్టవద్దన్న మాట 105వ కీర్తన 15వ వచనంలో ఉంది. 12వ వచనం నుంచి చదవండి. అక్కడ అభిషిక్తులంటే వేదికెక్కిన బోధకులు కారు. కొద్దిమందిగా, పరదేశులుగా, దేశం నుంచి దేశానికి తిరుగుతున్న అబ్రాహాము, ఇస్సాకు, యాకోబుల కుటుంబం. వారికి కీడు చేయవద్దని దేవుడు గద్దించింది రాజులను. బలవంతుడి చేయి పట్టుకుని ఆపిన మాట అది. దాన్నే ఇవాళ బలవంతుడి చేతికి కర్రగా ఇచ్చాం. ఆ కీర్తనలో ఈ సహోదరికి పోలిక రాజుతో కాదు, ఆ పరదేశులతో.

దావీదు సంగతీ అంతే. 1 సమూయేలు 24లో అభిషిక్తుడైన సౌలును అతడు చంపలేదు. అయితే మౌనంగా వెళ్లిపోయాడా? గుహ బయటికి వచ్చి, కోసిన వస్త్రపు చెంగు చేతపట్టుకుని, సౌలు సైన్యం ముందే న్యాయం అడిగాడు. ఆ దావీదే రాజై తప్పుచేసినప్పుడు నాతాను ఎదుట నిలబడి ముఖంమీదే చెప్పాడు. అభిషేకం అడ్డురాలేదు.

ఇక దశమభాగం. మలాకీ 3వ అధ్యాయం 10వ వచనం మన విశ్వాసులకు కంఠతా వచ్చు. అయిదు వచనాలు పైకి వెళితే కూలివాడి జీతం విషయంలో, విధవరాలి విషయంలో, తండ్రిలేనివాడి విషయంలో అన్యాయం చేసేవారిమీద దేవుడే సాక్షిగా నిలుస్తానంటున్నాడు. ఇంకా వెనక్కి, రెండో అధ్యాయానికి వెళితే ఆయన కోపం సూటిగా యాజకుల మీదే. పదో వచనంతో కూటాలు పెట్టినవారు అయిదో వచనంతో ఒక్క కూటమైనా పెట్టారా?

విధవరాలి రెండు కాసుల కథ మార్కు 12లో 41వ వచనం దగ్గర మొదలవుతుంది. సరిగ్గా దాని ముందు వచనంలో యేసు, దీర్ఘప్రార్థనలు చేస్తూ విధవరాండ్ర ఇళ్లు మింగేసే శాస్త్రులను ఖండిస్తున్నాడు. కానుకల పండుగనాడు ఆ ఒక్క వచనం ముందు నుంచి మొదలుపెట్టిన ప్రసంగం మేము చాలా అరుదుగా విన్నాం.

అలాగని నాయకులకు లోబడమన్న హెబ్రీ పత్రిక మాటను కొట్టిపారేయమని కాదు. 13వ అధ్యాయం 17వ వచనం పూర్తిగా చదివితే ఆ నాయకులు లెక్క అప్పజెప్పవలసినవారని అక్కడే ఉంది. లెక్క అడిగినవారిని వెలివేయమని లేదు. ఇక విశ్వాసి కోర్టుకెక్కకూడదంటూ 1 కొరింథీ 6 చూపిస్తారు. అది సహోదరుల మధ్య వ్యాజ్యాల గురించిన మాట. నేరం జరిగినచోట అధికారి చేతిలో ఖడ్గం ఉన్నదెందుకో రోమా 13లో పౌలే చెప్పాడు. పోలీసు స్టేషనుకు వెళ్లవలసిన సంగతిని ఉపవాస ప్రార్థనలో కప్పేయడం భక్తి కాదు.

సందేహం వచ్చినవారిని చూసి మనం ఇంకా ఎక్కువ భయపడతాం. బాప్తిస్మమిచ్చు యోహాను చెరసాలలో నుంచి, రావలసినవాడవు నీవేనా అని అడిగించాడు. యేసు కోపపడలేదు. తాను చేస్తున్న పనులు చెప్పి పంపి, జనం వైపు తిరిగి యోహానును మెచ్చుకున్నాడు. మత్తయి 28లో కొండమీద కొందరు సందేహిస్తూనే నిలబడ్డారు. సకల జనులను శిష్యులుగా చేయమన్న ఆజ్ఞ ఇస్తూ ఆయన వారిని పక్కన పెట్టలేదు. 88వ కీర్తన చీకటిలోనే ముగుస్తుంది. చివర్లో స్తోత్రం అతికించకుండానే మన పెద్దలు దాన్ని బైబిల్లో ఉంచారు.

నెల్లూరు జిల్లావారికి ఇది మరీ గుర్తుండాలి. 1840లో శామ్యూల్ డే నెల్లూరులో పని మొదలుపెట్టారు. ఆ మిషను తర్వాత ఉదయగిరి, ఆత్మకూరుల దాకా వచ్చింది. లైమన్ జూయెట్ తెలుగు కొత్త నిబంధన మీద ఏళ్లతరబడి శ్రమపడ్డారు. ఎందుకు? ప్రతి విశ్వాసీ స్వయంగా చదివి బెరయవారిలాగా పరిశీలించుకోవాలనే కదా. అలాంటి సంఘాల్లో ఇవాళ లెక్కల పుస్తకం అడిగితే తిరుగుబాటు అంటున్నారు. పట్నంలో పాత మిషను సంఘమైతే పేరుకైనా కమిటీ ఉంటుంది. పల్లెలో షెడ్డు వేసుకున్న ఒంటరి సేవలో ఫిర్యాదు చేద్దామన్నా ఎవరి దగ్గరికి వెళ్లాలి? సేవకుడే అధ్యక్షుడు, ఆయన భార్యే కోశాధికారి.

ఆ సహోదరి విషయానికి వస్తే, ఇప్పుడామె చదవడంలేదు, వింటోంది. పక్కింట్లో పదో తరగతి చదివే అమ్మాయి సాయంత్రం పూట మార్కు సువార్త పైకి చదువుతుంది. ఆ పద్ధతి ఆమే ఎంచుకుంది. చిన్నపిల్ల గొంతులో అయితే ఆయన గొంతు అడ్డురాదట. మొదట్లో పది వచనాలకే చాలనేది. పన్నెండో అధ్యాయం దగ్గర ఆపి, శాస్త్రుల గురించిన మాట రెండుసార్లు చదివించుకుంది. "ఇది ముందునుంచీ ఇక్కడే ఉండాదా?" అని అడిగింది.

ఉందని చెప్పాం. ఆమె ఇంకా ఏ మందిరానికీ వెళ్లడంలేదు. ఎప్పుడు వెళతావని మేము అడగలేదు.