తడి లేకున్నా జారే నేల

నేల తడిగా ఉందని హెచ్చరించే పసుపు బోర్డులు మాల్స్‌లో, ఆసుపత్రుల్లో కనిపిస్తాయి. పొడి నేల మీద రాలిన గింజల గురించి హెచ్చరించేవారే లేరు. పెళ్లి ముహూర్తం దాటిన ఫంక్షన్ హాల్ చూస్తే చాలు. జనం కూర్చున్నచోటి నుంచే విసిరిన అక్షింతలు నున్నటి గ్రానైట్ మీద చెల్లాచెదురుగా పడి ఉంటాయి, వాటి మీదుగానే పెద్దవాళ్లు భోజనాలకు నడుస్తారు. చెప్పు అడుగుకూ రాతికీ మధ్య గింజలు దూరితే ఆ రెండూ సరిగా తాకవు. గింజ దొర్లుతుంది, దానితోపాటు పాదమూ. పిండి, సిమెంటు దుమ్ము లాంటివి దొర్లకపోయినా, రేణువులు ఒకదానిపై ఒకటి జారుతాయి, చెప్పు అడుగున ఉన్న గాడులను పూడ్చేస్తాయి. అదే గరుకు బండ అయితే సన్నని పొడి దాని గుంతల్లోకి దిగిపోతుంది, రాయి చెప్పును పట్టుకుంటుంది. రైలు ఇంజన్లు పట్టాల మీద ఇసుక చల్లుకుని మరీ పట్టు తెచ్చుకుంటాయి, నిజమే. అక్కడ టన్నుల బరువు కింద ఇసుక నలిగి ఉక్కును కరుచుకుంటుంది. మనిషి బరువు అందుకు చాలదు, నున్నటి టైల్ మీద అదే ఇసుక కాలిని లాగేస్తుంది. పడిపోవడం వల్ల ప్రపంచంలో ఏటా సుమారు 6.84 లక్షల మంది చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వారిలో 60 ఏళ్లు దాటినవారే ఎక్కువ. హాళ్ల యజమానులు కనీసం నడిచే దారిలోనైనా గరుకు రాయి వేయించాలి, అక్షింతలు పడిన వెంటనే, భోజనాల పిలుపుకు ముందే, ఊడ్చే మనిషిని నియమించాలి.