వెంట వెళ్ళిన ఇల్లాలు – పట్టాలో లేని పేరు

పురుషుడు ఊరు విడిచి దూరదేశం పోతే వలస వెళ్ళాడంటారు. స్త్రీ పోతే భర్త వెంట వెళ్ళినదంటారు. ఈ రెండు మాటల నడుమ ఉన్న భేదం కేవలం వ్యాకరణానికి సంబంధించినది కాదు. మొదటి మాటలో కర్త ఉన్నాడు. రెండవ మాటలో తోడు మాత్రమే ఉన్నది. గడప దాటి ఎరుగని స్త్రీ కొత్త నేల మీద తిరిగి బ్రతుకు ప్రారంభించిన గాథలు ప్రపంచ సాహిత్యంలో అనేకం. వాటిని చదివి, ఆమె ధైర్యాన్ని మెచ్చుకొని, పుస్తకం మూసివేస్తాము. ధైర్యాన్ని మెచ్చుకొనడం సులభం. ఆ ధైర్యానికి ప్రతిఫలంగా ఆమె చేతికి ఏమి వచ్చినదని అడగడం కష్టం. విద్యార్థినీ విద్యార్థులారా, ఈ వ్యాసంలో మీతో కలిసి విచారించదలచినది ఆ కష్టమైన ప్రశ్ననే.

ఇటువంటి గాథలకు పుట్టినిల్లుగా పేరొందినది అమెరికా పశ్చిమ భూభాగం. 1862 మే 20వ తేదీన అధ్యక్షుడు అబ్రహాం లింకన్ హోమ్‌స్టెడ్ చట్టంపై సంతకం చేశాడు. ఇరువది యొక్క సంవత్సరాలు నిండినవారు గాని, కుటుంబానికి పెద్దగా ఉన్నవారు గాని స్వల్ప రుసుము చెల్లించి 160 ఎకరాల ప్రభుత్వ భూమికి దరఖాస్తు పెట్టుకొనవచ్చును. ఐదు సంవత్సరాలు అక్కడ నివసించి, ఇల్లు కట్టి, సేద్యం చేస్తే ఆ భూమి వారిదవుతుంది. ఈ చట్టంలోని విశేషమేమనగా, అవివాహితలు, వితంతువులు, భర్త విడిచిపెట్టిన స్త్రీలు సైతం తమ పేర భూమి పొందవచ్చును. తూర్పు పట్టణాలలో నాలుగు గోడల మధ్య పెరిగిన యువతులు కూడ చెట్టు నీడ కానరాని మైదానాలకు పోయి, పచ్చిక గడ్డలను ఇటుకల వలె కోసి పేర్చిన మట్టి ఇండ్లలో కాపురమున్నారు. కట్టె దొరకని చోట ఎండిన పేడతో పొయ్యి రాజేశారు. పిడకల పొయ్యి ఎరిగిన మనకు ఈ దృశ్యం అంత వింతగా తోచదు.

అయితే అదే చట్టంలో ఒక మెలిక ఉన్నది. భర్తతో కాపురం చేస్తున్న స్త్రీకి సొంతంగా దరఖాస్తు పెట్టే అర్హత లేదు. ఒంటరి స్త్రీని యజమానిగా గుర్తించిన ప్రభుత్వం వివాహితను భర్త నీడగానే చూచినది. ఎలినోర్ ప్రూయిట్ స్టీవర్ట్ అనే రచయిత్రి చరిత్ర ఇందుకు తార్కాణం. డెన్వర్ నగరంలో ఇతరుల ఇండ్లలో పని చేసుకొని జీవించిన ఆమె, పసిబిడ్డను వెంటబెట్టుకొని 1909లో వ్యోమింగ్ ప్రాంతానికి పోయి, తన పేర భూమికి దరఖాస్తు పెట్టినది. అక్కడి జీవితాన్ని గురించి ఆమె వ్రాసిన లేఖలు 1914లో గ్రంథరూపం దాల్చి, స్త్రీ స్వావలంబనకు నిదర్శనంగా ప్రసిద్ధికెక్కినవి. కాని దరఖాస్తు పెట్టిన కొద్ది రోజులకే ఆమె వివాహం చేసుకొన్నది. కడకు ఆ భూమిని నిలుపుకొనలేక అత్తగారికి వదలివేసినదని తరువాతి పరిశోధకులు దస్తావేజులను పరిశీలించి తెలిపినారు. లోకానికి ధైర్యం చెప్పిన చేతికి పట్టా దక్కలేదు. పుస్తకం మిగిలినది, పొలం మిగలలేదు.

ఇట్టి కథ మన తెలుగు నేలపై లేదా? ఉన్నది. కాని మనం దానిని స్త్రీ కథగా ఎన్నడూ చెప్పుకొనలేదు.

1855లో విజయవాడ వద్ద కృష్ణ ఆనకట్ట పూర్తి అయిన నాటినుండి డెల్టా రైతు మాగాణి సేద్యంలో ఆరితేరినాడు. తరాలు గడిచేకొలది కుటుంబాలు పెరిగినవి, కమతాలు చిన్నవైనవి, ఎకరం ధర ఆకాశాన్ని అంటినది. అదే కాలంలో పొరుగున కొత్త జలాశయాలు లేచినవి. నవాబ్ అలీ నవాజ్ జంగ్ పర్యవేక్షణలో మంజీర నదిపై నిర్మించిన నిజాంసాగర్ 1931 నాటికి పూర్తి అయినది. తుంగభద్ర ఆనకట్ట 1953లో నీరిచ్చినది. కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల రైతులు ఇక్కడి కొద్దిపాటి భూమిని అమ్మి, బోధన్ పరిసరాలలోను, గంగావతి, సింధనూరు ప్రాంతాలలోను అంతకు అనేక రెట్ల భూమిని కొన్నారు. జొన్న, ప్రత్తి పండిన నల్లరేగడిని చదును చేసి, మడులు కట్టి, వరి నాటినారు. తుంగభద్ర ఆయకట్టులో ఈ తెలుగువారి ఊళ్లకు నేటికీ 'క్యాంపులు' అనియే పేరు. 1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగి రాయచూరు సీమ కన్నడ రాష్ట్రంలో చేరగా, వారు భాషాపరంగా అల్పసంఖ్యాకులు కూడ అయినారు.

ఆ బండ్లలో వెళ్ళిన ఇల్లాలిని ఒక్కసారి తలచుకొనండి. డెల్టా గ్రామాలలో కలిగిన రైతు ఇంటి స్త్రీ పగటిపూట వీధి అరుగు మీదకు రావడం మర్యాద కాదని భావించిన రోజులవి. జమీందారీ ఠాణా అయిన మన నూజివీడు వంటి చోట్ల దానిని రాణివాసమని, ఘోషా అని అన్నారు. మన ముస్లిం గృహాలలో పరదా అన్నారు. పేరు వేరైనను గోడ ఒక్కటే. ఆ గోడ చాటున పెరిగిన స్త్రీకి చుట్టూ గోడయే లేని పాకలో కాపురం పెట్టవలసి వచ్చినది. ఇరుగుపొరుగు భాష తెలియదు. పురుడు వస్తే మంత్రసాని ఎక్కడనో తెలియదు. కూలీలకు అన్నం వండి పంపవలెను, మగవారు పట్నం పోయిన నాడు మడికి నీరు పెట్టించవలెను. నేర్చుకొనక తప్పదు, నేర్చుకొన్నది.

మరి భూమి ఎవరిది? ఏ ఇంటనైనను భూమి కొనుగోలుకు మొదట కరిగేది ఇల్లాలి మెడలోని బంగారమే. దస్తావేజులో మాత్రం వ్రాయబడేది ఇంటి పెద్ద పేరు. పుట్టింటివారు పసుపు కుంకుమ క్రింద ఇచ్చిన ఎకరం అమ్ముడుపోయి, కొత్త దేశంలో పది ఎకరాలుగా మారినప్పుడు, ఆ పది ఎకరాలలో ఆమె పేరు కనబడదు. అమెరికాలో వివాహితను ఆపినది చట్టం. మన యింట ఆపినది అలవాటు. చట్టాన్ని శాసనసభలో మార్చవచ్చును. అలవాటును మార్చే సభ ఎక్కడ ఉన్నది?

ఈ సందర్భంలో మరొక స్త్రీని కూడ మరువరాదు. అమెరికా మైదానాలు నిర్జన భూములు కావు. లారా ఇంగాల్స్ వైల్డర్ 1935లో ప్రచురించిన ప్రసిద్ధ నవలలోని చిన్న ఇల్లు ఓసేజ్ అనే ఆదివాసుల నేలపై కట్టినది. తుంగభద్ర ఆయకట్టులో ఆ వలస రైతులు బలవంతంగా ఎవరినీ వెడలగొట్టలేదు. భూములు డబ్బిచ్చి కొన్నవే. కాని నీటి విలువ తెలియకముందే చౌకగా అమ్ముకొన్న స్థానిక కుటుంబాల స్త్రీలు, తరువాత అదే నేలలో నాట్లకు కూలికి వచ్చిన సందర్భాలు లేకపోలేదు. మెట్ట పైర్లకు ఉద్దేశించిన నీటితో ఎగువన వరి విస్తరించగా, కాలువ చివరి రైతుకు నీరు అందని దుస్థితి కూడ కలిగినది. అమ్మకం కాగితంపై ఆ స్థానిక స్త్రీ అభిప్రాయం ఎవరు అడిగినారు? కొన్న యింటిలోను, అమ్మిన యింటిలోను సంతకం పురుషునిదే.

అట్లని గడప దాటిన ప్రతి స్త్రీ వట్టి చేతులతోనే మిగిలినదనుట సరికాదు. మన కృష్ణా సీమలోని పెనుగంచిప్రోలులో 1874లో జన్మించిన భండారు అచ్చమాంబ జీవితం చూడండి. పదేళ్ల ప్రాయంలో వివాహం. తరువాత ఉద్యోగి అయిన భర్తతో మధ్యపరగణాలలో కాపురం. చుట్టూ హిందీ, మరాఠీ భాషలు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావును నాగపురంలో తన యింట ఉంచుకొని చదివిస్తూ, అతని సాయంతో తాను తెలుగు, హిందీ నేర్చినది. బిడ్డలను పోగొట్టుకొన్న దుఃఖంలో కూడ చదువు విడువలేదు. 'అబలా సచ్చరిత్ర రత్నమాల' అనే స్త్రీల చరిత్రను 1901 ప్రాంతంలో వెలువరించినది. ఓరుగంటి సుందరీ రత్నమాంబతో కలిసి మచిలీపట్నంలో బృందావన స్త్రీ సమాజాన్ని స్థాపించినది. 1905లో, ముప్పది ఏండ్ల వయస్సులో కన్నుమూసినది. పరాయి ప్రాంతం ఆమెను కర్తగా మార్చినదంటే, అక్కడి గాలి మహిమ కాదు. అక్షరం ఒకటి, తోటి స్త్రీల సాంగత్యం ఒకటి, ఈ రెండింటినీ ఆమె సంపాదించుకొన్నది.

హైదరాబాదులో సుఘ్రా హుమాయూన్ మిర్జా కూడ ఆ కోవకు చెందినవారే. పరదా సంప్రదాయంలో పుట్టి, ఉర్దూలో స్త్రీల పత్రిక నడిపి, 1934లో బాలికల కొరకు సఫ్దరియా పాఠశాలను స్థాపించినారు.

కాబట్టి నా అభిప్రాయమిది. చాటున పెరిగిన స్త్రీ కొత్త బ్రతుకు ప్రారంభించుటకు ధైర్యం చాలదు. కాగితంపై తన పేరు, ఆ కాగితం చదువగల అక్షరం, అవసరానికి నిలబడగల తోటివారు, ఈ మూడూ కావలెను. అంటు మామిడిని తల్లి చెట్టునుండి వేరుచేసి నాటినప్పుడు గుంత, తడి, కంచె సమకూర్చక, మొక్క ధైర్యం గలదని ఏ తోటమాలి ఊరకుండడు.

ఈ మాట మన నూజివీడుకు ఎందుకని కొందరు అడుగవచ్చును. మన ఆడపిల్లలు మట్టి ఇండ్లు కట్టుటకు పోవడం లేదు గదా! కాని డిగ్రీ ముగియగానే పెండ్లియై విజయవాడకో, హైదరాబాదుకో, సముద్రాలు దాటి గల్ఫ్ దేశాలకో, అమెరికాకో పోవుచున్నారు. వారికి అదియే కొత్త నేల. పుట్టిన ఊరిలో తమ పేర ఏమున్నదో తెలియకుండానే పోవుచున్నారు.

చట్టం నేడు వారి పక్షాననే ఉన్నది. హిందూ కుమార్తెలకు ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కును ఆంధ్రప్రదేశ్ 1986లో చేసిన సవరణ ద్వారా కల్పించినది. 2005లో కేంద్రం దేశమంతటికీ కల్పించినది. ఖుర్ఆన్ నాలుగవ సూరా కుమారుని వాటాలో సగం కుమార్తెకు నిర్ణయించినది. 1937 నాటి షరియత్ చట్టం వ్యవసాయ భూములను మినహాయించగా, 1949లో మద్రాసు ప్రభుత్వ సవరణ ఆ మినహాయింపును తొలగించినది. అప్పుడు మద్రాసు రాష్ట్రంలో భాగమైన మన ప్రాంతంలో ముస్లిం కుమార్తెకు మామిడి తోటలో కూడ వాటా ఉన్నది. వాటా సగమా, సమానమా అను చర్చ వేరు. ఇచ్చుచున్నారా అన్నది ముందటి ప్రశ్న.

మత భేదం లేకుండ మన ఇండ్లలో జరిగేది ఒక్కటే. పుట్టింటి రాకపోకలు తెగరాదని, అన్నదమ్ముల మనస్సు నొప్పింపరాదని, ఆడపడుచు వాటా వదులుకొంటూ సంతకం చేస్తుంది. ఏటేటా వేసవిలో ఒక బుట్ట చిన్నరసాలు, ఒక బుట్ట బంగినపల్లి ఆమె యింటికి పోవును. ఆ బుట్ట ప్రేమకు గుర్తు, కాదనను. కాని ప్రేమ హక్కుకు బదులు కాదు. భర్త మరణించిన నాడు, కాపురం చెడిన నాడు, తిరిగి జీవితం మొదలుపెట్టవలసిన నాడు ఆ బుట్టతో ఆమె ఎన్ని దినాలు గడపగలదు?

తోటను ముక్కలు చేస్తే తోట పాడవునని పెద్దలు అంటారు. అందులో కొంత నిజమున్నది. కాని తోటను నరికి పంచవలెనని ఎవరన్నారు? మన తోటలలో అనేకం పూత మీదనే వ్యాపారులకు కౌలుకు పోవుచున్నవి. తోట ఉమ్మడిగానే ఉండవచ్చును. పట్టాదారు పాసుపుస్తకంలో అక్కచెల్లెండ్ర పేర్లు కూడ వ్రాయించి, కౌలు సొమ్ములో వాటా ఏటేటా వారి ఖాతాలో వేయవచ్చును. చెట్టు చెట్టుగానే ఉంటుంది. పేరు మాత్రమే చేరుతుంది.

కళాశాల పాలకవర్గం వారికి ఒక విన్నపం. చివరి సంవత్సరం విద్యార్థులకు, బాలురకు బాలికలకు కలిపి, వారానికి ఒక గంట దస్తావేజు చదువుట నేర్పించవలెను. అడంగల్ అనగానేమి, ఒకటి–బి అనగానేమి, హక్కు విడుదల పత్రంలో ఏ వాక్యం ఏమి హరించును, నికాహ్‌నామాలో మహర్ ఎక్కడ వ్రాయబడును, ఇవి ఉర్దూలోను తెలుగులోను చెప్పించవలెను. ఇందుకు పెద్ద ఖర్చు లేదు. పట్టణంలోని న్యాయవాది ఒకరు, రిటైరైన రెవెన్యూ ఉద్యోగి ఒకరు చాలును.

విద్యార్థినులారా, ఈ వేసవి సెలవులలో ఇంటికి పోయినప్పుడు పాసుపుస్తకం చూపుమని నాన్నగారిని మర్యాదగా అడగండి. అందులో అమ్మ పేరు ఉన్నదేమో చూడండి. విద్యార్థులారా, మీ అక్కగారు సంతకం చేయవలసిన కాగితం ఇంటికి వచ్చిన నాడు, ఆమెకు దానిని ముందుగా చదివి వినిపించండి. చదివి విన్న తరువాత ఆమె ఏమి నిర్ణయించుకొన్నను, అది ఆమె నిర్ణయమగును.