చలికంటె చెమటయే శత్రువు

మంచుకొండలపై స్కీలు కట్టుకొని జారుట మన ప్రాంతమువారికి నిన్నమొన్నటివరకు చిత్రపటములలో చూచు వినోదము మాత్రమే. నేడట్లు కాదు. కాశ్మీరమునందలి గుల్మార్గునకును, ఉత్తరాఖండమునందలి ఔలీకిని శీతకాలమున మన పిల్లలును పోయి ఆ విద్య నభ్యసించుచున్నారు. కెనడా, అమెరికా దేశములలో స్థిరపడిన మన బంధువుల పిల్లలకు అది పరిచితమైన యాటయే. కావున అచ్చట నెట్టి దుస్తులు ధరింపవలెనని తలిదండ్రులు మమ్మడుగుచున్నారు. ఈ విషయమున మా యభిప్రాయమును చదువరులకు విన్నవించుచున్నాము.

ముందుగా మా తప్పు నొప్పుకొందుము. కొన్ని యేండ్ల క్రిందట గుల్మార్గునకు పోవుచున్న యొక విద్యార్థి తండ్రి మా సలహా కోరగా, అంగడిలో దొరకు కోట్లలో మిక్కిలి దళసరియైనదానిని కొనుడనియు, లోపల నిత్యము తొడుగు నూలుబనియను చాలుననియు చెప్పితిమి. బాలుడట్లే చేసెను. వాలు నెక్కునప్పుడు కోటులోపల దేహమంతయు చెమటతో తడిసెను. పిమ్మట తన వంతు వచ్చువరకు గాలిలో నిలువబడగా ఆ తడిబనియను మంచుగడ్డవలె వీపున కంటుకొనెను. ఆ పూట అతని వణకు తీరుటయే కష్టమయ్యెను. దైవవశమున నంతకంటె హాని కలుగలేదు. కాని ఆ సలహా మాది. ఆ సిగ్గుతోనే ఈ విషయమును శ్రద్ధగా చదువ మొదలిడితిమి.

మేము తెలిసికొన్న మొదటి సంగతి యిది. దుస్తులు వేడిని పుట్టింపవు. వేడిని పుట్టించునది దేహము. దానిని పోనీయక నిలుపుటయే దుస్తుల పని. ఆ పనిని చేయునది బట్టకంటె నెక్కువగా దాని పోగులనడుమ చిక్కుకొనియున్న గాలి. కదలని గాలికంటె నీరు సుమారు 25 రెట్లు హెచ్చుగా వేడిని కొనిపోవును. గాలి యుండవలసిన తావున చెమట చేరెనేని, ఎంత వెలగల కోటైనను వ్యర్థమే.

ఇందుకు చరిత్రలో గొప్ప నిదర్శనము కలదు. 1911వ సంవత్సరమున కెప్టెను స్కాటు బృందములోని విల్సను, బవర్సు, చెర్రీ గెరార్డు అను మువ్వురు అంటార్కిటికాలో, శీతకాలపు చీకటిలో, బరువైన మంచుబండ్లను తామే లాగుకొనుచు క్రోజియరు అగ్రమునకు పోయివచ్చిరి. అచ్చట చలి సున్నకు దిగువ 60 సెంటీగ్రేడు డిగ్రీలవరకు దిగెను. బయలుదేరునప్పుడు వారి మూడు పడకసంచుల బరువు 52 పౌన్లు. సుమారు అయిదు వారములకు తిరిగి వచ్చునప్పటికి 118 పౌన్లు. పెరిగిన బరువెల్ల వారి చెమటయు ఊపిరితేమయు గడ్డకట్టిన మంచే! వారి బట్టలును అట్లే కొయ్యవలె బిగిసిపోవుచుండెను. దీనిని చెర్రీ గెరార్డే 1922లో ప్రకటించిన గ్రంథమున వ్రాసియున్నాడు.

నార్వే దేశస్థుడైన అముండ్సెను 1903 మొదలు కెనడా ఉత్తరతీరమున నెట్సిలిక్ జాతివారితో మెలగి, గాలి యాడునట్లు వదులుగా తోలుదుస్తులు ధరించు పద్ధతిని వారివలన నేర్చుకొనెను. స్కీలతోను, బండ్లను లాగు కుక్కలతోను పోయి 1911 డిసెంబరు 14వ తేదీన దక్షిణధ్రువమును చేరెను. ఆ జయమంతయు దుస్తులవలననే కలిగినదని మేమనము. చలిలో తరతరములుగ బ్రదుకువారు అంగడికోటుకంటె మంచి గురువులని మాత్ర మందుము.

కావున మా యభిప్రాయము: ఒక్క దళసరి కోటుకంటె పలుచని మూడు పొరలు మేలు. ఒంటి నంటియుండునది సన్నని ఉన్నిదిగాని చెమటను పైకి లాగు కృత్రిమనూలుదిగాని కావలెను. నూలుబనియను పనికిరాదు, అది చెమటను పీల్చి తనయందే యుంచుకొనును. రెండవది ఉన్ని స్వెట్టరు. మూడవది గాలిని చొరనీయని పలుచని పైకోటు; మెడవద్దను చంకలవద్దను తెరచుటకు వీలుండుట మంచిది. ఉన్ని తడిసినను కొంత వెచ్చదనమును నిలుపుకొనును. వానలో గొంగడి కప్పుకొని మందవెంట నడచు మన గొల్ల కురుమలకు ఈ సంగతి మనము చెప్పనక్కరలేదు.

గాలిని గూర్చియు నొక మాట. 1928లో బాలభటుడుగా అంటార్కిటికాకు పోయిన పాల్ సైపిలు, పిమ్మట శాస్త్రజ్ఞుడై, తన సహచరునితో కూడ, గాలి చలి నెంత హెచ్చించునో కొలిచి 1945లో ప్రకటించెను. నేటి లెక్కనుబట్టి చలి సున్నకు దిగువ 20 డిగ్రీలుండగా, గంటకు 30 కిలోమీటర్ల గాలి వీచినచో, తెరచియున్న చర్మమునకు అది సున్నకు దిగువ 33 డిగ్రీలతో సమానము. జారువాడు గాలిలేని దినమునను ఆ గాలిని తానే కల్పించుకొనును.

చేతులకు వ్రేళ్లన్నియు నొకచో నుండు తొడుగు మేలు. వేరువేరుగ నున్న వ్రేళ్లు త్వరగా చల్లబడును. రెండుజతల మేజోళ్లు తొడిగి జోడును బిగించుట తప్పు. రక్తము పాఱనిచోట వెచ్చదనము లేదు. ముక్కుపైగాని చెంపపైగాని తెల్లనిమచ్చ కనబడుట కొరుకుచలికి గుర్తు. తన ముఖము తనకు కనబడదు. కావున ఇరువు రిరువురుగా నుండి ఒకరిముఖ మొకరు చూచుకొనుచుండవలెను. అట్టిచోట మంచుతో రుద్దరాదు; లోపలికి తీసికొనిపోయి గోరువెచ్చని నీటితో కాచవలెను. వ్రేళ్లకు స్పర్శ తెలియకున్నచో వైద్యుని చూపవలెను.

"కోటు విప్పిన పిల్లవానికి జబ్బు చేయదా?" యని తల్లు లడుగుదురు. అమ్మా, చెమట పట్టకముందే ఒక పొర విప్పుటయు, నిలిచిన వెంటనే మరల తొడుగుటయు నేర్చినవానికి భయము లేదు. బయలుదేరునప్పుడు కొంచెము చలివేయుచున్నచో దుస్తులు సరిగా నున్నట్లే. నాలుగడుగులు వేయగానే దేహము కాగును. ఇంటివద్దనే వెచ్చగా నున్నవాడు కొండపై తడియును.

అయితే పొరలు కొనియిచ్చుట సులభము. వానిని విప్పు ధైర్యము నిచ్చుట కష్టము. మా విద్యార్థి యానాడు చెమటపట్టుట నెఱుగకపోలేదు. వరుసలో తానొక్కడే నిలిచినచో తోడివారు నవ్వుదురని సిగ్గుపడి యూరకుండెను. తప్పుసలహా మాది, కాని ఆ సిగ్గును వానికి నేర్పినది మన మందఱము. కావున ఉపాధ్యాయులారా, పిల్లలడుగకమునుపే వరుసను నిలుపుడు. తలిదండ్రులారా, కోటుతోపాటు ఈ మాటయు కట్టి పంపుడు. బాలబాలికలారా, "కొంచెము నిలువుడు, నాకు చెమట పట్టుచున్నది" యనుట పిఱికితనము కాదు. మంచుకొండపై నది వివేకము.