డబ్బాలో దాగిన మురికి నీళ్లలోనే ఉంది

భోగాపురం తీరంలో రొయ్య పిల్లలు తీసే హేచరీల్లో నీళ్ల పని చూసినవాణ్ణి. అందుకే ఊళ్లో ఎవరింట్లో అక్వేరియం చెడినా నాకే కబురొస్తుంది. అందరూ అడిగేది ఒకటే: ‘‘ఏటండీ గురువుగారూ, నీళ్లు తేటగానే ఉన్నాయి కదా, చేపలెందుకు చచ్చిపోతన్నాయి?’’ నేను చేపల వంక చూడను. తొట్టె కింద అల్మారా తలుపు తీసి, నీళ్లు వడకట్టే కానిస్టర్ ఫిల్టర్ డబ్బా మూత విప్పమంటాను.

విప్పగానే ముక్కు మూసుకోవాలి. కుళ్లిన ఆకులు, తినకుండా మిగిలిన మేత, చేపల రెట్ట అన్నీ స్పాంజి మీద నల్లటి బురదగా పేరుకుని ఉంటాయి. వేలల్లో డబ్బు పోసి కొన్నారు, మూత బిగించారు, మరిచిపోయారు. మురికి పైకి కనబడటం లేదు కాబట్టి పోయిందనుకున్నారు. ఎక్కడికి పోయింది? తొట్టెలో నీళ్లన్నీ రేయింబవళ్లు ఆ బురదలోంచే పారి మళ్లీ పైకి వస్తున్నాయి. అది కుళ్లి అమ్మోనియా అవుతుంది. అమ్మోనియాకు రంగు లేదు. నీళ్లు తేటగా ఉండగానే చేప మొప్పలు దెబ్బతింటాయి. ఆ అమ్మోనియాను నైట్రేట్‌గా మార్చే మంచి బ్యాక్టీరియా కూడా ఆ డబ్బాలోనే ఉంటుంది గానీ, దానికి ఆక్సిజన్ కావాలి. బురద ఆ ఆక్సిజన్‌ను ముందే మింగేస్తుంది. కరెంటు పోతే మరీ కష్టం. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను వచ్చాక మాకు రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు మోటారు ఆగిన డబ్బాలో నీళ్లు మురిగిపోతాయి. కరెంటు రాగానే మూత విప్పి కడగకుండా స్విచ్ వేస్తే ఆ మురుగంతా తొట్టెలోకే.

మందు చవక. నీళ్లు లాగే గొట్టం మూతికి ముతక స్పాంజి ఒకటి తొడగండి. చెత్త అక్కడే ఆగుతుంది, చిన్న చేప పిల్లలు కూడా గొట్టంలోకి పోవు. వారానికోసారి మోటారు ఆపి, నీళ్లలో ఉండగానే స్పాంజికి కిందనుంచి పాలిథిన్ కవరు తొడిగి, మూతి బిగబట్టి పైకి తీయాలి. అలా కాకుండా చేత్తో లాగితే పట్టిన మడ్డంతా తిరిగి తొట్టెలోనే రాలుతుంది. తొట్టె నీళ్లే బకెట్లోకి తీసి అందులో పిండాలి. బ్లీచింగ్ కలిసిన కుళాయి నీళ్లలో కడిగితే బ్యాక్టీరియా చస్తుంది. ఆ బకెట్ నీళ్లు కరివేపాకు చెట్టుకు పోయండి.

‘‘అందం చెడుతుందండీ’’ అంటారు కొందరు. నిజమే, నల్లగా కనబడుతుంది. కనబడటమే నాకు కావలసింది. కంటికి ఆనితేనే చెయ్యి కదులుతుంది.

హేచరీలో ఎవరికీ ఇది చెప్పనక్కర్లేదు. తీరం ఇసకలో బోరు వేసి సముద్రపు నీరు లాగుతాం. ఇసకే మొదటి వడపోత. చంపావతి నదికి వరదొచ్చి కోనాడ దగ్గర సముద్రం ఎర్రబడినప్పుడు ఆ ఇసక విలువ తెలుస్తుంది. ఆ తర్వాత నీళ్లను తేర్చడం, క్లోరిన్, శాండ్ ఫిల్టర్, చివర కొళాయికి కట్టే బ్యాగ్ ఫిల్టర్. ఆ సంచి అందరి కళ్లెదుటే వేలాడుతుంది. మాసిందంటే సూపర్‌వైజర్ ఊరుకోడు.

లోపలికొచ్చే నీటికి ఇంత మడి కట్టుకున్నవాళ్లం, బయటికి పోయేదాని సంగతేమిటి? 2009లో మన దేశంలో వనామీ రొయ్యకు అనుమతిచ్చినప్పుడే, వాడిన నీటిని శుద్ధి చేశాకే వదలాలని షరతు పెట్టారు. కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీకి 2005 నాటి చట్టం ఉంది. అయినా మిగిలిన మేత, చచ్చిన పిల్ల, మందుల నీళ్లు చీకటి పడ్డాక గొట్టం గుండా తిన్నగా సముద్రానికి పోయిన చోట్లు నేను చూశాను. అల వచ్చి గొట్టం మూతి కడిగేస్తే పని అయిపోయిందనుకుంటారు. తొట్టె కింద అల్మారా తలుపు మూసినవాడి లెక్కా ఇదే. వాడిన నీటిని శుద్ధి చేసే చెరువులేవో గోడ వెనక కాకుండా, గేటు పక్కనే, దారినపోయేవాడికి కనబడేలా కట్టమని అధికారులు పట్టుబట్టాలి.

ఈ మాటకు హేచరీ యజమానులకు కోపం రావచ్చు. రానివ్వండి. వాళ్ల బోర్లు కూడా ఆ ఇసకలోనే ఉన్నాయి.