బొమ్మకు మన్నన, చేతికి మరపు

ఢిల్లీ ఐ.ఐ.టి. పక్కనే ఉన్న జియా సరాయ్ పోటీ పరీక్షల శిక్షణకు పేరుపడిన పేట. అక్కడి ఇరుకు గదిలో చదువుకునే తెలుగు యువకుడు ఉస్మానియా బిస్కెట్టును, ఇరానీ చాయ్‌ని చేతితో చిత్రించిన పోస్టరును గోడకు తగిలించుకుంటే ఆక్షేపించవలసింది లేదు. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ పేరును తలపించే ఆ ఉప్పుతీపి బిస్కెట్టు హైదరాబాదు జ్ఞాపకాలలో భాగం. అది చిత్రకళకు వస్తువు కావడం సముచితమే.

ఆక్షేపణ వేరొకచోట ఉంది. పాత బేకరీ బోర్డును గుర్తుకు తెచ్చే అక్షరాల వంపులు, నీడలు, రంగుల అంచులే అటువంటి పోస్టరుకు ప్రాణం. వాటిని తీర్చిదిద్దినవాడు వీధిలో బోర్డులు రాసే పెయింటరు. దేవనాగరికి శిరోరేఖ ఆధారంగా ఉంటుంది. తెలుగుకు ఆ ఆసరా లేదు. పైన గుడులు, కింద వత్తులు, నడుమ గుండ్రని అక్షరం. సుద్ద పూసిన దారంతో గీత కొట్టి, వత్తులకు చోటు విడిచి, దూరానికి కూడా స్పష్టంగా కనిపించేలా ఎనామెల్ రంగుతో రాయడం ఏళ్ల తరబడి గురువు దగ్గర అభ్యసించే విద్య. ఫ్లెక్సీ ముద్రణ ఆ విద్యకు పని లేకుండా చేసింది. ఇప్పుడు అదే శైలి పాతకాలపు అందంగా గదుల గోడలకెక్కుతున్నది.

2024లో కన్నుమూసిన హనీఫ్ కురేషీ ఢిల్లీ కేంద్రంగా వీధి పెయింటర్ల అక్షరాలను వారి పేర్లతోనే ఫాంటులుగా భద్రపరిచారు. ఒక కళాకారుడు గుర్తించిన విలువను ప్రభుత్వ జాబితా గుర్తించలేదు. 2023 సెప్టెంబరు 17న ఆరంభమైన పి.ఎం. విశ్వకర్మ పథకం 18 వృత్తులను పేర్కొన్నది. వడ్రంగి, కుమ్మరి, దర్జీ, పూలమాలలు కట్టేవారు అందులో ఉన్నారు. బోర్డు పెయింటరు లేడు.

ఇది తరతరాల కులవృత్తి కాదు కదా అనే వాదన నిలవదు. గురుశిష్య పరంపరను బలపరచడం ఆ పథకం ప్రకటించిన ఆశయాలలోనే ఉంది. గిరాకీ లేదన్న వాదనా అంతే. 100 మైక్రాన్లకన్న పలుచని పి.వి.సి. బ్యానర్లను 2022 జూలై 1 నుంచి కేంద్రం నిషేధించింది. ఆ నిషేధాన్ని గట్టిగా అమలు జరిపి, ప్రభుత్వ కార్యాలయాలు, గ్రంథాలయాలు తమ బోర్డులను చేతితో రాయిస్తే పని దానంతటదే పుడుతుంది.

జాబితాలో పంతొమ్మిదవ వృత్తిగా బోర్డు రాతను చేర్చడానికి పెద్ద నిధులు అక్కరలేదు. నిర్ణయం కావాలి. అది జరగనంతకాలం పోస్టరును మెచ్చుకోవడం అలంకార ప్రీతి మాత్రమే, కళాభిమానం కాజాలదు.